కారం అంటిన వేలు

నేను చదివింది ఏడో తరగతి. ఆ పైన మిషన్ ఆసుపత్రిలో పురుళ్ళ పని నేర్చుకుని, పరీక్ష రాసి, రిజిస్టరు నంబరు తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో ఆ చదువు సరిపోయేది. నంబరు వేసిచ్చిన కాగితం ఇనప్పెట్టెలో పెళ్ళిచీర మడతల్లో పెట్టాను. ఐదేళ్ళకోసారి దాన్ని రెన్యువల్ చేయించాలి. ఈ ఏడు వేసవిలో గడువు దాటిపోయింది. నేను చేయించలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నా మోకాళ్ళకేం రోగం లేదు.

ప్రత్తిపాడులో మా నర్సింగ్ హోమ్ చిన్నది. కట్టించిన పెద్ద డాక్టరుగారు పోయాక ఆయన కూతురు చూసుకుంటోంది. ఆ అమ్మాయికి బొడ్డు కోసింది నేనే. పెద్దయ్యాక నన్ను ఆంటీ అంది, నేను డాక్టరమ్మా అన్నాను. ఎవరి మర్యాద వాళ్ళది.

మా వైపు పురుటి గదుల్లో ఒక బాధ ఉంది. వేరే జిల్లాల నుంచి వచ్చిన నర్సు పిల్లలకి అది చెబితే నవ్వుతారు. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, పురుటికి తోడొచ్చే ఆడవాళ్ళ చేతులన్నీ కారమే. పచ్చి మిరప చేలో కాయ కోసిన చేతులు, కల్లంలో రంగు మాసిన తాలుకాయ ఏరిన చేతులు, నీడన కూర్చుని తొడిమలు తీసిన చేతులు. సబ్బుతో కడిగితే చూడ్డానికి తెల్లగా ఉంటాయి. మంట మాత్రం వేళ్ళలోనే ఉంటుంది. ఆ వేలితో పసిగుడ్డు మూతి తుడిచినా, కంట్లో పుసి తీసినా, ఆ ఏడుపు వినలేం.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. పంపు పక్కన ఆముదం సీసా, పిండి డబ్బా. ముందు ఆముదం రాసుకోవాలి, పిండితో రుద్దుకోవాలి, ఆ తర్వాత సబ్బు. ఇది చేయని మనిషి చేతికి బిడ్డని ఇచ్చేదాన్ని కాదు. ఒక ఆసామి భార్య నా మీదికి లేచింది.

"నేనేమన్నా కాయకోత కూలికి పోయానా?"

"మీ ఇంట్లో కూరల్లో కారం వెయ్యరా? రాసుకోండి, ఆముదమేగా."

రాసుకుంది. వెనకాల నన్ను ఆముదం సిస్టరని పిలిచేవాళ్ళు. పిలవనీ అనుకున్నాను. నా చేతుల మీదుగా పుట్టిన బిడ్డల్లో ఒక్కరికి కూడా కంట్లో కారం పడలేదని మనసులో ఒక గర్వం ఉండేది. అదే నా కొంప ముంచింది.

ఇంకో గుణం కూడా చెప్పాలి. నాది పొదుపు చెయ్యి. గ్లవ్స్‌ని కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి మళ్ళీ వాడిన కాలంలో పని నేర్చుకున్నాను. ఇప్పుడు జత వాడి పారేయమంటారు. పురుటికి పారేస్తాను, కాదనను. చిన్నదానికీ పెద్దదానికీ కొత్త జత ప్యాకెట్టు చింపే నర్సు పిల్లల్ని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు పొద్దున ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి మిరపకాయలు ముందేసుకుని కూర్చున్నాను. తొడిమలు తీసినవి కొంటే ధర ఎక్కువని నేనే తీసుకుంటాను. సగం అయ్యాయో లేదో ఫోను. డాక్టరమ్మ.

"ఆంటీ, తొలిచూలు పిల్ల, నొప్పులు ముదిరాయి. ఆటో ఎక్కెయ్యండి."

ఆముదం సీసా అరలోనే ఉంది. చెయ్యి చాపితే అందేది. అక్కడ గ్లవ్స్ వేసుకుంటాగా అనుకుని, సబ్బుతో కడిగి పరిగెత్తాను.

వెళ్ళేసరికి ఆ పిల్ల తల్లి పంపు దగ్గర ఉంది. కాయకోతకి పోయే మనిషి, మొగుడు లేడు, మా చర్చిలోనే వెనక వరసలో కూర్చుంటుంది. వేళ్ళ సందుల్లో కూడా పిండి పెట్టి రుద్దుకుంటోంది. నేను దాటి లోపలికి పోతూ చూశాను. బాగా చేస్తోందని కూడా అనుకున్నాను. ఆమె అంది, "మా ఇంట్లో కొత్త నులక మంచం అల్లించానమ్మా, పురిటి మంచం. మూడు నెలలూ నా దగ్గరే పెట్టుకుంటా పిల్లని." మా వైపు తొలి పురుడు పుట్టింటిదే. ఆ మూడు నెలల కోసమే ఆమె ఎదురుచూస్తోంది.

మగబిడ్డ. గట్టిగా ఏడ్చాడు. డాక్టరమ్మ తల్లికి కుట్లు వేస్తోంది. నేను గ్లవ్స్ తీసేసి, బిడ్డని తుడిచి గుడ్డలో చుట్టాను. ఎడమ కంటి మూల కొంచెం తెల్లటి జిగురుంది. దూది మూరెడు దూరంలో ఉంది. ఇంతదానికి ఇంకో జత చింపాలా అనుకున్నాను. చూపుడు వేలితో తీశాను. కుడి కన్ను కూడా అలాగే తుడిచాను. తీసుకెళ్ళి అమ్మమ్మ చేతుల్లో పెట్టాను.

ఒక్క నిమిషం. అంతే. ఆ కేక పుట్టిన బిడ్డ ఏడుపు కాదు.

"సిస్టరమ్మా! ఇటు రండమ్మా, కళ్ళు చూడండమ్మా!"

కళ్ళు వాచి, ఎర్రగా, మూసుకుపోయాయి. నేను తలుపు చాటున చూపుడు వేలు నాలిక్కి తాకించి చూశాను. మండింది. గ్లవ్స్‌లో చెమట పట్టిన వేలు, లోపలి కారమంతా పైకొచ్చింది.

డాక్టరమ్మ ఉరికొచ్చింది. ముందు చూసింది బిడ్డ కళ్ళు, తర్వాత అమ్మమ్మ చేతులు.

"ఏమ్మా, కాయకోతకి పోతున్నావా?"

"పోతన్నానమ్మా. కానీ ఆముదం రాసుకున్నా, రెండుసార్లు రాసుకున్నా."

పక్కనున్న వియ్యపురాలు, బిడ్డ నాన్నమ్మ, అందుకుంది. "కడిగిందట, కడిగింది! ఎండుకాయ రంగు దిగిందా ఆ చేతులకి? నా మనవడి కళ్ళు పోతే నువ్విస్తావా?"

"సిస్టరమ్మనే అడగండి. ఆమె చూసింది."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఆంటీ, చూశారా మీరు?"

నా రెన్యువల్ ఫారం ఆ పూటే డాక్టరమ్మ బల్ల మీద ఉంది, ఆ అమ్మాయి సంతకం కోసం. ఇంకో ఐదేళ్ళు. నేను అన్నాను, "చూళ్ళేదమ్మా."

ఆ అమ్మమ్మ నా మొహం వైపు చూసింది. తిట్టలేదు. తన చేతులు తనే చూసుకుంది. నా మాట విన్నాక, తప్పు తన చేతులదేనని ఆమెకే అనుమానం వచ్చింది. అది నాకు కనిపించింది.

కళ్ళు సెలైనుతో కడిగాం. డాక్టరమ్మ గుంటూరు బ్రాడీపేటలో కంటి డాక్టరుకి చీటీ రాసిచ్చింది. నేనూ తోడు వెళ్ళాను. ఆటోలో వియ్యపురాలు బిడ్డని ఒళ్ళో పెట్టుకుంది. అమ్మమ్మ చివర్న కూర్చుని గుంటూరు దాకా రెండు చేతులూ చంకల్లో దోపుకుంది, ఎక్కడ బిడ్డకి తగులుతాయోనని. వియ్యపురాలు బిడ్డతో లోపలికెళ్ళాక మేమిద్దరం ఆసుపత్రి మెట్ల మీద మిగిలాం. అప్పుడు చెప్పాను.

"నీ చేతులు కాదు. నావి."

ఆమె చంకల్లోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ మాట అక్కడ చెప్పాల్సింది గదమ్మా. ఈ మెట్లకి చెబితే ఎవరికి చెప్పినట్టు?"

కంటి డాక్టరు భయం లేదన్నాడు, రెండు రోజుల్లో తగ్గుతుందన్నాడు. వియ్యపురాలు బయటికొచ్చింది. అప్పుడన్నా చెప్పొచ్చు. నేను బిడ్డకి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టాను, అంతవరకే చేశాను.

మూడో రోజు తెలిసింది. తల్లినీ బిడ్డనీ పుట్టింటికి పంపరట, అత్తగారింటికే తీసుకుపోతారట. అప్పుడు నాకు నోరు వచ్చింది. డాక్టరమ్మ గదిలోకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. లేచి తలుపు వేసింది.

"ఇప్పుడెందుకాంటీ ఇదంతా? కళ్ళు బాగున్నాయిగా. బయటికి పోతే నర్సింగ్ హోమ్ పేరేం కావాలి? ఇదిగో, మీ ఫారం. నేను సంతకం పెట్టేశాను."

ఫారం తీసుకున్నాను. తీసుకుని తిన్నగా వార్డులోకి పోయి వియ్యపురాలికి చెప్పాను, అందరూ వినేలా. ఆమె నవ్వింది.

"మీరెందుకండీ ఆమె తప్పు నెత్తిన వేసుకుంటారు? ఆముదం లేకుండా చీమని కూడా లోపలికి రానివ్వరు మీరు. మీరు చేస్తారా? చూళ్ళేదని మొన్న మీరేగా అంది. మీదీ ఆమెదీ ఒకటే చర్చి, జాలిపడుతున్నారు."

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను అబద్ధమాడితే నమ్మారు, నిజం చెబితే పెద్దమనసన్నారు. ఇన్నేళ్ళూ నేను అందరి మీదా అరిచి సంపాదించుకున్న పేరు, ఆ పూట ఆ అమ్మమ్మ గొంతు మీద కూర్చుంది. మధ్యాహ్నం బిడ్డతో ఆటో వెళ్ళిపోయింది. పాత చీరలు కత్తిరించి, ఉతికి, మడతపెట్టి తెచ్చిన పొత్తిగుడ్డల మూట ఆమె చేతిలోనే ఉండిపోయింది.

నేను ఫారం పంపలేదు. నెలాఖరుకి మానేస్తానని చెప్పాను. డాక్టరమ్మ మరీ బతిమాలలేదు. వీడ్కోలు రోజున శాలువా కప్పింది. ఒక్క పొరపాటు లేని చేతులని మైకులో అంది. నర్సు పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి, పొరపాటు చేశానని చెప్పాను, ఏ పొరపాటో కూడా చెప్పాను. దానికీ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ మైకు తీసుకుని, చూశారా ఆంటీ వినయం అంది. శాలువా ఇంకా కవరులోనే ఉంది.

వారం పోయాక ఆ అత్తగారింటికి వెళ్ళాను, మళ్ళీ చెప్పి చూద్దామని. నాకు కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు. అడక్కుండానే బిడ్డని తెచ్చి నా చేతుల్లో పెట్టారు. చెప్పాను. వియ్యపురాలు "మళ్ళీ అదే మాట" అని విసుక్కుని లోపలికెళ్ళింది.

అట్నుంచి అటే ఆ అమ్మమ్మ పనిచేసే చోటికి పోయాను. రేకుల షెడ్డు కింద వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. ఆమె తలెత్తి చూసి గోనెపట్టా కొంచెం జరిపింది.

"కూర్చోండి. ఈ పని మీకూ వచ్చుగా."

కూర్చున్నాను.

"పోయారా అక్కడికి?"

"పోయాను."

"ఎత్తుకున్నారా?"

"ఎత్తుకున్నాను."

ఒక కాయ తొడిమ తీసి పడేసింది. ఇంకో కాయ. "బరువున్నాడా?"

"ఉన్నాడు."

"కళ్ళో?"

"తేటగా ఉన్నాయి. కిటికీలో వెలుగుకేసి చూస్తున్నాడు."

తల ఊపింది. చేతులు ఆగలేదు. "కాయ పనులు అయ్యేదాకా గడప తొక్కొద్దన్నారు నన్ను."

ఇంకా ఎన్నాళ్ళని అడిగాను. ఆమె గడ్డంతో షెడ్డు అవతల చూపించింది. ఎర్రటి కుప్ప, దాని వెనక ఇంకో కుప్ప, దాని వెనక లారీ దింపుతున్నారు.

నేను దోసెడు కాయలు ముందుకి లాక్కున్నాను. ఆమె వద్దనలేదు.