అన్నీ నడుస్తయన్నాడు మా బావ

మొన్న మా కోడలు తన ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోబోతూ, వేసేముందు ఏదో చిన్న పరీక్ష నడిపింది. కాసేపటికే తెరమీద వరసగా వచ్చేసింది, మెమరీ సరిపోతుంది, కెమెరా పనిచేస్తుంది, ఇంట్లో ఉన్న పాత స్కానర్ మాత్రం పనిచేయదు అని. సరేలే, తర్వాత చూద్దాం అనుకుని ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ తెర ముందే కూర్చుండిపోయాను. ఒకప్పుడు అచ్చంగా అదే పరీక్ష నాకోసం మా బావ చేసిపెట్టాడు. ఆ సంగతి గుర్తొస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు కడుపు మండుతుంది.

అప్పట్లో హైదరాబాద్ పాతబస్తీలో, ఛత్రినాకలో మా ఇంటి ముందుగదే నా డీటీపీ సెంటర్. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్ళిపత్రిక కావాలన్నా, పుట్టువెంట్రుకల కార్డు కావాలన్నా, చర్చివాళ్ళకు ప్రార్థన కూటం కరపత్రం కావాలన్నా ఎవరో ఒకరు కూర్చుని అక్షరం అక్షరం కొట్టి, చుట్టూ పువ్వులూ తీగలూ అమర్చి, ప్రూఫు తీసి ఇవ్వాల్సిందే. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాక ఆ గదీ, ఆ కంప్యూటరూ, పత్రికలో తన పేరు ముందు వేయలేదని పేచీ పెట్టే మేనమామలూ, అదే నా లోకం. నా చేతి పని బాగుంటుందని హుస్సేనీ ఆలం నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆషాఢం వస్తే బోనాల కార్డులతో అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు.

ఆ లోకాన్ని నాకు చూపించింది మా బావే, ఆ మాట కాదనను. మా అక్కను మాదన్నపేటలో ఇచ్చారు. ఆమె భర్తే ఈ బావ, కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పనిచేసేవాడు. టైపు నేర్చుకుని ఖాళీగా కూర్చున్న నాకు మొదటి కంప్యూటర్ ఇప్పించి, మౌస్ ఎలా కదపాలో నేర్పి, అప్పడాల కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నానని చుట్టాలందరిలో ఏడిపించి వదిలిపెట్టాడు. ప్రతి దసరాకు నేను ఆ కంప్యూటర్ పెట్టెకు పసుపు రాసి బొట్లు పెడితే, లోపలి ఫ్యానులోకి కుంకుమ పోతుందని తలకొట్టుకునేవాడు. నేను మాత్రం మానేదాన్ని కాదు. అన్నం పెట్టే వస్తువుకు బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాం?

అయితే కాలం ఆగదు కదా. పత్రికలో వేయమని జనం పెన్‌డ్రైవ్‌లలో ఫొటోలు తేవడం మొదలుపెట్టారు, నా పాత కంప్యూటర్‌కు అవి అర్థమయ్యేవి కావు. కొత్త సిస్టమ్ వేద్దామంటే ఆ పాత పెట్టెకు అంత శక్తి లేదు, పెట్టే మార్చాలి. నా బెంగల్లా తెలుగు సాఫ్ట్‌వేర్ గురించి. అది నడవాలంటే కంప్యూటర్ వెనక వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఒకటి తగిలించి ఉండాలి, దాన్ని లాక్ అనేవాళ్ళం. ఒకరు కొన్నది పదిమంది కాపీ చేసుకోకుండా అమ్మినవాళ్ళు పెట్టిన కాపలా అది. కొత్త సిస్టమ్‌లో ఆ లాక్ పనిచేయకపోతే నా చేతులు విరిచేసినట్టే. అందుకే కొనేముందు అన్నీ చూసి చెప్పమని బావను పట్టుకున్నాను.

ఆదివారం పొద్దున వచ్చి కూర్చున్నాడు. ఎంత శ్రద్ధగా చూశాడనుకున్నారు! ప్రింటర్ వెనక టార్చి వేసి చూశాడు, స్కానర్ సీడీ తిప్పి చూశాడు, సాఫ్ట్‌వేర్ అమ్మిన కోఠి దుకాణానికి తనే స్వయంగా వెళ్ళి అడిగొచ్చాడు. వచ్చి అన్నం ముందు కూర్చుని, “అన్నీ నడుస్తయి మరదలా, నేను అడిగిన, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు. నేను ఇంకో గరిటె పప్పు వేశాను.

కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు పెన్‌డ్రైవ్ పెట్టి ఫొటోలు చూపిస్తే చిన్నపిల్లలా సంబరపడ్డాను. పాత పెట్టెను, దానికున్న లాక్‌ను బావే ఆటోలో వేసుకున్నాడు. లాక్‌ను కోఠిలో చూపించి కొత్తదానికి సెట్ చేయించుకొస్తానని, నా ఫైళ్ళన్నీ కూడా తీసి తెస్తానని చెప్పాడు. తర్వాత ఫోన్ చేస్తే ఈయాల అనేవాడు, మళ్ళీ చేస్తే రేపు అనేవాడు. ఇక్కడ ఆషాఢం నెత్తిమీదికొచ్చింది. ఏటా నా దగ్గరే కార్డులు వేయించే గుడి కమిటీవాళ్ళు ఒకటికి రెండుసార్లు తిరిగి, ఇక లాభం లేదని వెళ్ళిపోయారు. ముందుగదిలో కొత్త కంప్యూటర్ నిగనిగలాడుతూ ఉంది, దాని ముందు నేను ఖాళీ చేతులతో ఉన్నాను.

ఆఖరికి నేనే బస్సెక్కి కోఠికి వెళ్ళాను. నేనెవరో చెబితే దుకాణదారు పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “మీ బావకు సాఫ్ చెప్పిన కదమ్మా, కొత్త సిస్టంల ఈ లాక్ నడవది, పాత మెషిన్ తియ్యకుండ్రి అని. ఆయన సరే, మేమే వాడుకుంటం అన్నడు” అన్నాడు. మేమే అన్న మాటలో నేను కూడా ఉన్నాననుకున్నాను చూడండి, నా పిచ్చి గాకపోతే. బావకు పనుల్లో పడి చెప్పడం మరుపొచ్చి ఉంటుందని దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, అటునుంచి అటే మాదన్నపేటకు వెళ్ళాను.

అక్కవాళ్ళ ముందుగదిలో నా పాత కంప్యూటర్ నడుస్తోంది. దాని నెత్తిన నేను పెట్టిన కుంకుమ బొట్లు చెరిగిపోలేదు. బావ దాని ముందు కూర్చుని మా కమిటీవాళ్ళ బోనాల కార్డులు తీస్తున్నాడు. అంచున ఉన్న ఘటాల బొమ్మ నేను గీసిందే. నన్ను చూసి లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటికీ నాకు ఆయన మీదే కోపం. ఈ అన్యాయం చూడవే అని అక్కకు చెప్పుకుందామని లోపలికి వెళ్తే, ఆమె చాయ్ గిన్నె మీదినుంచి తల ఎత్తకుండా అంది. “ఆయన నౌకరి పోయింది చెల్లె. నీకు మీ ఆయన జీతమన్న ఉంది. ఏం జెయ్యమంటవ్, నేనే గట్ల చెయ్యమన్న.”

ఉద్యోగం పోయిన సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. అడిగి ఉంటే ఆ గదిలో సగం ఇచ్చేదాన్ని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని పనిచేసుకునేవాళ్ళం. అడగలేదు. నేను నమ్ముతానని తెలుసు కాబట్టి అడగాల్సిన అవసరం రాలేదు వాళ్ళకు. చాయ్ తాగకుండానే వచ్చేశాను. కంప్యూటర్ వెనక్కి ఇమ్మని కూడా అడగలేదు, ఏ నోటితో అడగను?

తర్వాత నేను వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను. కొన్నేళ్ళకు పెళ్ళిపత్రికలన్నీ ఫోన్లలోకి వచ్చేసి, బావ దుకాణమూ నా దుకాణమూ రెండూ మూతపడ్డాయి. పోట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. బోనాలకు వాళ్ళు మా ఇంటికొస్తారు, మేం వాళ్ళింటికెళ్తాం. బావ ఇప్పటికీ నా వంటకు వంక పెడతాడు, అందరం నవ్వుతాం. చిన్నప్పుడు అక్క చీకటి గదిలో దయ్యం లేదంటే లేదని కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు అదే అక్క, చుట్టాల్లో ఎవరిదో పెళ్ళి ఫలానా వేళకని ఫోన్ చేసి చెబితే, సరే అక్కా అని పెట్టేసి, వెంటనే పెళ్ళివాళ్ళకు ఫోన్ చేసి అడుగుతాను. నేనలా అడుగుతానని అక్కకు ఎప్పుడో తెలిసిపోయింది. తెలిసి కూడా ప్రతిసారీ ముందుగా నాకే ఫోన్ చేసి చెబుతుంది.