గేర్‌బాక్స్ బోల్టుకు అంటుకున్న నాలుగు పలుకులు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో మా సందులోకి ఎవరు వచ్చినా ముందు కనిపించేవి మా నాన్న కాళ్లే. మిగతా మనిషి కారు కింద ఉండేవారు.

పాత కారు. ఇద్దరి చేతులు మారాక మా ఇంటికి వచ్చింది. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉండేది. నాన్న ఆఫీసులో గుమాస్తా. ఎవరూ నేర్పకపోయినా ప్లగ్గులు, బ్రేకులు, ఫ్యాన్ బెల్టు... అన్నీ తనే విప్పి తనే బిగించేవారు. ఇంట్లో కుళాయి కారినా, మిక్సీ ఆగినా అంతే.

పక్కింటి మాస్టారు గుంటూరు వైపు వారు. చేతిలో పేపరుతో మా గేటు దగ్గర ఆగేవారు.

"ఏమండీ, కారును మీరు కొన్నారా, మిమ్మల్నే అది కొనుక్కుందా? ఎప్పుడు చూసినా అది పైన, మీరు కింద!"

"మీరు రోజూ స్కూటర్‌ను పండవెట్టి తంతరు గద మాస్టారూ... నేనేమన్న అన్ననా?" అని కారు కింది నుంచి జవాబు వచ్చేది.

రోజూ ఉదయం ఇంజిన్ కాసేపు నడిపి ఉంచడం నాన్న అలవాటు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, "దేన్నీ ముట్టకు" అని చెప్పి స్నానానికి వెళ్లేవారు. నేను ముట్టేవాణ్ణి... క్లచ్‌కు నా కాళ్లు అందేవి కావు. అయినా గేరు కడ్డీని రివర్స్ వైపు తోసేవాణ్ణి. లోపల గర్ర్‌మని చప్పుడు వచ్చేది. నా దృష్టిలో అదే డ్రైవింగ్.

కొన్నాళ్లకు కారు వెనక్కి వెళ్లేటప్పుడు ఒక మూలుగు మొదలైంది.

"గేరు మీద చెయ్యేసినవారా?" అని నాన్న అడిగారు.

"లే నాన్నా."

నమ్మేశారు. మళ్లీ అడగలేదు.

నారాయణగూడలో మస్తాన్ భాయ్ అని ఒక మెకానిక్ ఉండేవారు. నాన్న ఆయన్ను సలహా మాత్రమే అడిగేవారు, పని ఇచ్చేవారు కాదు. ఆ సాయంత్రం నేనూ వెంట వెళ్లాను.

"గేర్‌బాక్స్ ఆయిల్ మార్చున్రి సార్. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటది, దాన్ని జర మంచిగ చూడున్రి. సన్న పొడి ఉంటే ఫికర్ లేదు. ఇనుప పలుకులు కనవడితే మాత్రం బండి నడపకున్రి, నెట్టుకుంటనన్న నా దగ్గరికి తేన్రి. ఇప్పుడే పట్టుకుంటే లోపలి ఒక్క పండ్ల చక్రంతోని పోతది. లేకుంటే డబ్బా మొత్తం పోతది."

ఆ మాట నేను కూడా విన్నాను.

ఆదివారం నాన్న, నూనె వేడెక్కి పల్చబడాలని అశోక్ నగర్ దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చారు. కారును ఇటుకల మీదికి ఎక్కించి, కింద గోనెసంచి పరుచుకుని దూరారు. పక్క బోల్టు ముందు విప్పారు. అది రాకపోతే కొత్త నూనె పోసే దారి ఉండదట. తర్వాత కింది బోల్టు. నల్లటి నూనె సత్తు గిన్నెలోకి తీగలా జారింది. కుళ్లిన వెల్లుల్లి వాసన... అమ్మ వంటింటి కిటికీ వేసేసింది.

"పట్టుకో. తుడవకు, నేనొచ్చి చూడాలె" అని బోల్టు నా చేతికిచ్చారు.

బూడిదరంగు ముద్ద. అందులో బియ్యం నూకల్లా మెరుస్తూ నాలుగు ఇనుప పలుకులు...

నా గర్ర్‌మన్న చప్పుళ్లన్నీ అక్కడ కనిపించినట్టు అనిపించింది. నాన్న ఇంకా కిందే ఉన్నారు. నాలుగింటినీ గోటితో తీసి మురుగు మోరీలో పడేశాను.

నాన్న బయటికొచ్చి, బోల్టును ఎండకు తిప్పి తిప్పి చూశారు. "సన్న పొడే. ఏం ఫికర్ లేదు!" అని వంటింటి వైపు కేకేశారు. ఆయన అంత గట్టిగా నవ్వడం అరుదు. తర్వాత కారును కిందికి దించి, గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి, పక్క రంధ్రం నుంచి పొర్లేదాకా కొత్త నూనె పోశారు.

నెల దాటిందేమో... మేనత్తను తీసుకురావడానికి కాచిగూడ స్టేషన్‌కు బయలుదేరాం. నారాయణగూడ చౌరస్తాలో కారు కింద బండ పగిలినట్టు చప్పుడైంది. నూనె రోడ్డంతా పారింది. నలుగురు కలిసి మస్తాన్ భాయ్ దగ్గరికి నెట్టారు.

"పలుకులు కనవడలేదా సార్?"

"లేకుండె భాయ్. నా కండ్లతోని చూసిన."

"అయితే నూనె తక్కువ పోసిండ్రు. ఇండ్ల ముందట నేల సాపుగ ఉండది, కొలత తప్పుతది."

నాన్న మెల్లగా తలూపారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది... చెప్పలేదు.

కారు అమ్మేశారు. అదొక్కటే అయితే మర్చిపోయేవాణ్ణేమో. ఆ తర్వాత నాన్న కుళాయి వాషర్‌కు కూడా మనిషిని పిలిచేవారు. నేను మాత్రం ఒక్కో పనీ చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాను. నాన్న ఎప్పుడూ దగ్గరికి వచ్చి చూడలేదు.

మొన్న మా వంటింట్లో సింకు కింద పైపు వదులైంది. మా అమ్మాయి స్పానరు తెచ్చి తాతయ్యకు ఇవ్వబోయింది.

"నాకొద్దు బిడ్డా. నూనె సుత సరిగ్గ పోయరానోణ్ణి."

ముప్పై ఏళ్లు... ఇంకా అదే నమ్మకం.

ఆయన పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. కళ్లజోడు తీసి లుంగీతో తుడుచుకున్నారు.

"ఎన్ని ఉండెరా పలుకులు?"

"నాలుగు నాన్నా."

"అయితే... నూనె నేను సరిగ్గనే పోసిన."

ఇప్పటి కార్ల కింద మనమెవరం దూరడం లేదు. సర్వీసుకు ఇస్తే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, విప్పిన బోల్టు ఎవరూ చూపించరు. మీరూ చిన్నప్పుడు ఇంట్లో దాచిందేదైనా ఉంటే చెప్పండి, చదువుతాను... కానీ ఇక్కడ రాసే ముందు, ఎవరి దగ్గర దాచారో వాళ్లు ఇంకా ఉంటే వాళ్లకు చెప్పండి.