లేని రోజున విడిచిన చెప్పులు

ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టినవాళ్లకు వేళాకోళాలు తప్పవు. పండ్ల శీతల గిడ్డంగిలో పెట్టెలు సర్దే మా పెద్దమ్మకు మాత్రం ఆ తారీకంటేనే భయం.

చిన్నప్పుడు వాళ్ల అన్నయ్య చెప్పాడట. ఏటా పావు రోజు మిగిలిపోతోందని వెనకటికి ఒక చక్రవర్తి నాలుగేళ్లకోసారి ఒక రోజు కలపమన్నాడు. ఆ కలిపింది కాస్త ఎక్కువైందని వందల ఏళ్ల తర్వాత తేలి, పదిహేడు వందలు, పద్దెనిమిది వందలు లాంటి కొన్ని నూరో ఏళ్లలో దాన్ని తీసిపారేశారు. అందరూ విని మరిచిపోయే సంగతే. ఆమె మరిచిపోలేదు.

"కావాలంటే పెట్టి, వద్దంటే తీసేసే రోజున పుట్టానర్రా. నన్నూ అట్లాగే తీసేస్తారేమో" అనేది. మేం పళ్లికిలించేవాళ్లం. "అరవై ఏళ్లకు పదిహేనే పుట్టినరోజులు! అత్తయ్యకింకా పెళ్లీడే రాలేదు" అని అల్లుడు ఆటపట్టించేవాడు. అతను అదే గిడ్డంగిలో లారీ డ్రైవరు.

అక్కడ ఒక అలవాటుండేది. గుమ్మం ముందు చెప్పులు విడిచి, గిడ్డంగి బూట్లు తొడుక్కుని లోపలికి వెళ్లాలి. చెప్పులు కనబడుతుంటే మనిషి లోపల ఉన్నట్టే, తలుపు వేయకూడదు. తర్వాత వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కార్డు చూపాల్సిన కొత్త తలుపు వచ్చింది. లోపల ఎవరూ లేరని కంప్యూటరు చెబితే సాయంత్రం దానంతటదే తాళం పడిపోతుంది. పాత తలుపుతోపాటు లోపల చిక్కుకున్నవాళ్లు మోగించే గంట కూడా పోయింది. కొత్త గంట అదిగో ఇదిగో అన్నారు గానీ బిగించిన పాపాన పోలేదు.

అరవయ్యో పుట్టినరోజునా పెద్దమ్మ గుమ్మం ముందే చెప్పులు విడిచింది. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్న చెప్పులవి. కొత్తవి కొనిపెడదామని, కొలత కోసం అల్లుడు వాటిని సంచిలో వేసుకుని బజారుకు పోయాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది.

కంప్యూటరుకేమో ఇరవై ఎనిమిది తర్వాత మార్చి ఒకటే తెలుసు. ఆ రోజు చూపిన కార్డులు వేటినీ అది లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం తాళం పడింది. లోపల దీపాలు ఆరిపోయాయి. చీకట్లో తలుపు బాదుతుంటే ఫ్యాన్ల హోరులో తన అరుపు తనకే వినబడలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

అల్లుడు తిరిగొచ్చాడు. "మా అత్తగారు వెళ్లిపోయారా?"

"తాళం పడిందిగా. ఇంటికి పోయుంటారు" అన్నాడు కాపలావాడు.

సరేనని వెనుదిరిగి, ఠక్కున ఆగిపోయాడు. పాత చెప్పులు తన సంచిలోనే ఉన్నాయి. బూట్లు ఇంటికి వేసుకుపోనివ్వరు. మరి ఆమె ఏం తొడుక్కుని వెళ్లింది?

"పైవాళ్లను అడగందే తలుపు ముట్టుకోకూడదు" అని కాపలావాడు అడ్డొచ్చాడు.

"చస్తుందిరా మా అత్త! తప్పుకో!"

కేకలు విని పక్కనే ఉన్న ఇళ్ల నుంచి మేం పరుగెత్తుకొచ్చేసరికి అతను లారీలోని ఇనుప కడ్డీతో తలుపు పెకలించి, అది మళ్లీ మూసుకోకుండా వీపు ఆనించి నిలబడ్డాడు. గడపకు లోపలి వైపునే, గోనెసంచులు కప్పుకుని పెద్దమ్మ. పెదాలు నల్లబడ్డాయి. పిడికిళ్లు వాచిపోయాయి. నేను చెయ్యి పట్టుకుని లేపబోతే లేవలేదు. కళ్లనిండా భయం.

"నా చెప్పులేవి?"

అల్లుడు ఏడుస్తూ కొత్తవి తీశాడు. "ఇవిగో అత్తయ్యా, తొడుక్కో."

"అవి కాదు నాయనా, నావి. ముందు గుమ్మం ముందు పెట్టు. నేనింకా లోపలే ఉన్నాను."

పెట్టాడు. వాటిని కళ్లారా చూసుకున్నాకే లేచింది.