స్కాట్లాండ్ అమ్మాయితో బండలాగుడికి

ఆదివారం పొద్దున ఆరుంపావుకి గుంటూరు స్టేషన్లో వినుకొండకి రెండు టికెట్లు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి ఫియోనాకి. ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకి ముందే చెబుతున్నాను: పాసింజరు టైముకే బయల్దేరుతుంది. వెంట తెల్లమ్మాయి ఉంటే మాత్రం మీరు టైముకి ఎక్కలేరు. కౌంటరు నుంచి ప్లాట్‌ఫారం దాకా ప్రతివాడూ ఆగి, ఆమెను వదిలేసి నన్నడుగుతాడు, "ఏ దేశం?" అని.

ఫియోనాకి ఇరవై ఒకటి. నేను లెక్కలు చెప్పే స్కూల్లోనే ఆర్నెల్లు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. అంతకుముందు వాళ్ళ దేశంలో కర్లింగ్ ఆడేది. మొదట్లో అది జుట్టుకి సంబంధించిన విద్య అనుకున్నాను. కాదట. ఇరవై కిలోల గ్రానైటు రాయిని మంచు మీద జారవిడుస్తారు. అది దూరాన గీసిన గుండ్రం మధ్యకి వెళ్ళి ఆగాలి. రాయి జారుతుంటే ఇద్దరు మనుషులు దాని ముందు చీపుళ్ళతో మంచు ఊడుస్తూ పరిగెడతారు. ఊడిస్తే ఇంకాస్త దూరం పోతుందట. ఈ సంగతి చెబితే మా అమ్మ, "మరి మాకెవరూ కప్పులియ్యరేం?" అంది.

ఫియోనా జూనియర్ జట్టుకి నాలుగేళ్ళు కెప్టెన్. అంటే ఆఖరి రాయి ఆమెదే, ఊడ్చేవాళ్ళ మీద అరుపులూ ఆమెవే. కిందటేడు పెద్ద పోటీలో ఆ ఆఖరి రాయి గుండ్రం దాటి పోయింది. కప్పూ పోయింది. ఆటకో దణ్ణం పెట్టి మా గుంటూరొచ్చింది. మంచు నుంచి పారిపోదలచినవాళ్ళకి ఇంతకన్నా సరైన ఊరు నాకు తెలీదు.

ఇప్పుడు పెద్దవాళ్ళ జట్టొకటి ఆమెను రమ్మంది. కెప్టెన్‌గా కాదు. అందరికన్నా ముందు రాళ్ళు వేసేసి, మిగతా సేపంతా ఊడ్చే స్థానానికి. ఆ ఆదివారం సాయంత్రం మన టైములో ఆరు గంటల్లోగా ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు ఇంకో అమ్మాయిది. "గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, ఎక్కడికైనా తీసుకుపో" అంది. సరిగ్గా ఆ వారమే వినుకొండ పక్క పల్లె నుంచి మా మావయ్య, తిరనాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టాం రమ్మని ఫోన్ చేశాడు. "రాయి ఆటలో కప్పులు కొట్టిన స్కాట్లాండ్ అమ్మాయిని తీసుకొస్తున్నా" అన్నాను. నేను చేసిన తప్పు అదొక్కటే.

ఏడున్నరకి నరసరావుపేట. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, కారప్పొడి. ఫియోనా కారప్పొడిని వేలితో తాకి, అక్కడితో ఆ పరిచయం చాలించింది. ఎదుటి సీటులో బుట్టతో కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చాలాసేపు తూకం వేసింది.

"ఏంది బాబూ, పెళ్ళి చేసుకున్నావా ఈ పిల్లని?"

"లేదండీ. నేను లెక్కలు చెబుతాను."

"అయితే ఎవరిస్తార్లే" అని కిటికీ వైపు తిరిగింది.

కిటికీ బయట మైళ్ళ కొద్దీ కళ్ళాలు, వాటి నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. ఫియోనా తల బయటపెట్టి చాలాసేపు చూసింది. ఏదో కవిత్వం చెప్పబోతోందనుకున్నాను. తుమ్మింది. వినుకొండ చేరేదాకా తుమ్ముతూనే ఉంది.

తొమ్మిదింటికి రైలు దిగి ఆటో ఎక్కాం. పదింటికి పల్లె. ఊళ్ళోకి అడుగుపెట్టగానే కరెంటు స్తంభానికి అంటించిన కరపత్రం కనబడింది: "ముఖ్య అతిథి: స్కాట్లాండ్ బండలాగుడు ఛాంపియన్ శ్రీమతి ఫోనా గారు." దాని కింద మావయ్య, కమిటీ వాళ్ళు దండతో నిలబడి, మా ఆటో వెనకాల రోడ్డు వైపు చూస్తున్నారు.

"ఏరా, జత ఏదీ?" అన్నాడు మావయ్య.

"ఏ జత?"

"ఎడ్ల జతరా! లారీ వెనకాల వస్తందా?"

"ఎడ్లు లేవు మావయ్యా. రాయి ఆమే నెడుతుంది."

మావయ్య ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఒక్కతే?"

"ఒక్కతే. ఇద్దరు ముందు ఊడుస్తారు."

"పొద్దున్నే ఏమన్నా తాగొచ్చావంట్రా?"

కరపత్రాలు అచ్చయిపోయాయి గనక ఎడ్లు లేకపోయినా దండ వేశారు. బండలాగుడులో విభాగాలు ఎద్దు పళ్ళను బట్టి ఉంటాయి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన ఎనిమిది పళ్ళూ వచ్చేసిన సీనియర్లు. మైకు దగ్గరాయన నన్ను పిలిచి, "ఛాంపియన్ గారిది ఎన్ని పళ్ళ విభాగమో కనుక్కోండి" అన్నాడు. నేనేం చెయ్యను, కనుక్కున్నాను. ఫియోనా కారణం అడగలేదు. నాలుకతో లెక్కపెట్టుకుని, ఇరవై ఎనిమిది అంది. ఆ అంకె మైకులో వినబడగానే ఊరంతా ఈలలు.

ఒంటిగంటకి మావయ్యింట్లో భోజనం: గోంగూర, పప్పు, గడ్డపెరుగు. ఫియోనా పెరుగన్నం తిని, గడియారం చూసుకుంది. అవునా కాదా అని అడిగాను. తెలీదంది. అన్నం కలుపుతున్నంత సేపూ అవునట, తినేసరికి కాదట.

రెండున్నరకి సీనియర్ల పోటీ. టన్నుకి పైగా బరువున్న బండకి ఎడ్లని కట్టి, ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగాయో టేపుతో కొలుస్తారు. అన్నిటికన్నా వెనకబడ్డ జత మస్తాన్ గారిది. ఆయన ఆ చుట్టుపక్కల పత్తి వేసే రైతు. పోటీ అవగానే ఎద్దు మెడ తుడుస్తూ కూర్చున్నాడు. ఫియోనా నన్ను లాక్కుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"పోయినేడు ఆరు పళ్ళలో దీన్ని కొట్టింది లేదమ్మా" అన్నాడాయన. "ఇయ్యాల కడాకరు."

"ఇంక పోటీలు మాన్పిస్తారా అని అడుగుతోందండీ" అన్నాను.

"ఎందుకు మాన్పిస్తాం? మొన్నేగా పళ్ళన్నీ వచ్చింది! చిన్నవాటిల్లో ఇది పెద్దది. పెద్దవాటిల్లో ఇదే చిన్నది. మొదటేడు ఎవరికైనా ఇంతే." ఎద్దు వీపు మీద చరిచాడు. "అయినా ఓడిపోయానని దీనికేం తెలుసు? చొప్ప ఎప్పుడేస్తారా అని చూస్తంది."

ఇదంతా నేను ఇంగ్లీషులో పెట్టాను. నా ఇంగ్లీషు సంగతి నాకు తెలుసు. "చిన్న లోపల పెద్ద, పెద్ద లోపల చిన్న, తర్వాత గడ్డి" అన్నట్టు వచ్చి ఉంటుంది. ఫియోనా కదలకుండా విని, చాలా లోతైన మాట అంది. ఏ మాటో నాకు అర్థం కాలేదు.

నాలుగున్నరకి బయల్దేరదామంటే, ముఖ్య అతిథి బహుమతులివ్వకుండా పోతే ఊరికి తలవంపులన్నారు. ఫియోనా పది నిమిషాల్లో అందరికీ పంచిపెట్టి, తొందరలో మావయ్యకీ ఒకటిచ్చేసింది. ఆయన తిరిగివ్వలేదు. నాలుగుముప్పావుకి ఆటో కదిలింది. దారిలో టిక్కీల లారీ, అంటే మిరప బస్తాలది, ఒకటి రోడ్డు మొత్తం తనదేనన్నట్టు నడిచింది. వినుకొండ బస్టాండు ఎదుటి ఐ.ఎస్.డి. బూత్‌లో అడుగుపెట్టేసరికి ఐదూ నలభై మూడు.

లైను కలవలేదు. మళ్ళీ కలవలేదు. "ఆదివారం కదండీ, అందరూ దుబాయ్ మాట్లాడుకుంటారు" అన్నాడు బూత్ ఆయన. ఫియోనా మళ్ళీ మొదటి నుంచీ అంకెలు నొక్కింది. ఐదూ యాభై నాలుగుకి అవతల ఎవరో ఎత్తారు.

ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది పిల్లలకి చెప్పే నిదానపు ఇంగ్లీషని అప్పుడు తెలిసింది. అద్దం వెనక ఆమె మాట్లాడుతున్నదాన్ని ఇంగ్లీషని నేనైతే ప్రమాణం చెయ్యలేను. ముఖం చూసి తేల్చుకుందామంటే, మిరప ఘాటుకి పొద్దుట్నుంచీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. చివరికి ఒక్క ముక్క చెవిన పడింది.

"ఆయ్." అవతలి మాటేదో విని, "ఆయ్, ఆయ్."

తలుపుకి వేలు నలిగిందేమో అనుకుని లేచాను. బూత్ ఆయన మీటరు మీంచి చూపు తిప్పకుండానే, "ఒప్పేసుకుందండీ" అన్నాడు.

"మీకెట్టా తెలుసు?"

"మా అత్తగారిది తణుకు. ఆ పక్క ఏదడిగినా ఆయ్ అంటే అవునని. ఈ అమ్మాయిది గోదావరి జిల్లానా?"

"ఇంకాస్త పైన" అన్నాను.

ఫియోనా బయటికొచ్చి నా వైపు చూసింది. "వచ్చే నెల్లో వెళ్తున్నాను, ఊడవడానికి" అంది. వాళ్ళ స్కాట్లాండ్‌లోనూ ఆయ్ అంటే అవుననేనట. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకపోయినా వెళ్తోందని మాత్రం తెలిసింది. మిరపకాయ బజ్జీలు తిందామా అని తనే అడిగింది. ఒకటి మొత్తం తిని, మూడు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఆరున్నరకి గుంటూరు బస్సు. ఆమెకి ముందు ఆడవాళ్ళ సీట్లలో చోటు దొరికింది, నేను వెనక నిలబడ్డాను. ఈ ప్రయాణంలో నాకు బోధపడినంతవరకు, మనిషికి దారి చూపించడానికి భాష బాగా రానవసరం లేదు. రాకపోవడమే మేలేమో కూడా. రేపు హెడ్మాస్టరు గారికి చెప్పాలి, వచ్చే నెల నుంచి ఆరో తరగతి ఇంగ్లీషుకి మనిషి లేదని. ఆయన గదంతా ఒకసారి చూసి, చివరికి నా దగ్గరే ఆగుతాడు. నాకు సాయంత్రం ఆరింటి దాకా గడువు కూడా ఇవ్వడు.