కిచిడీ డబ్బా

అష్ఫాక్ అనుమానం మనిషి. కూరలవాడు తక్కెడ ఎత్తితే ముల్లు చూడడు, వాడి చిటికెనవేలు ఎక్కడుందో చూస్తాడు. ఆ గుణం తండ్రి బతుకు చూశాక అబ్బింది. ఆ తండ్రి, నన్నే సాహెబ్, వన్ టౌన్‌లో కొట్ల బోర్డులు రాసేవాడు. "మీరుండగా మాకు వేరేవాడెందుకు సాహెబ్" అన్న వ్యాపారులే, ఫ్లెక్సీలు రాగానే ఆయన వస్తుంటే పక్కకి చూడటం నేర్చుకున్నారు. కొడుకు కుంచె వదిలేసి ఆటోనగర్‌లో రేకుల షెడ్డు తీసుకుని వ్యాన్లకి రంగు కొట్టడం మొదలుపెట్టాడు.

షెడ్డు మూల ఒక డబ్బా ఉండేది. ఏ బండికి రంగు వేసినా మిగిలిందంతా అందులో పోసి, థిన్నర్ కలిపి, కర్రతో తిప్పేవాడు. ఆ గోధుమరంగు బురదే ప్రతి బండికీ పైరంగు కింద అడుగుపూత. చుట్టుపక్కల వాళ్ళు దానికి కిచిడీ డబ్బా అని పేరు పెట్టారు.

"పైన మెరిసేదే లోకానికి కావాలి. అడుగు ఎవడు గోకి చూస్తాడు?" అనేవాడు అష్ఫాక్.

రెండువేల నాలుగులో గోకి చూశారు.

ఇబ్రహీంపట్నం రోడ్డు మీద, తెలవారుతుండగా పనికి నడిచి పోతున్న మార్త అనే ఆయాను ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయింది. ఆమె ప్రాణం అక్కడే పోయింది. చేతిలోని స్టీలు క్యారేజీకి నీలిరంగు పెచ్చు ఒకటి అంటుకుని మిగిలింది. నీలి వ్యాను, ముందు మూల సొట్ట. అది చాలు, బాలశౌరిని పట్టుకెళ్ళడానికి. షెడ్డు తెరిచినప్పుడు మొదటి బండి తెచ్చి ఇచ్చిన స్నేహితుడు బాలశౌరి. "గేదె అడ్డమొచ్చింది బావా" అంటూ ఆ పొద్దునే సొట్ట తీయమని వచ్చాడు కూడా.

పెచ్చునూ వ్యాను రంగునూ ల్యాబ్‌కి పంపితే రెండూ ఒకటేనని తేలింది. బెయిలు మీద వచ్చిన బాలశౌరి కోసం అష్ఫాక్ గవర్నర్‌పేటలో లాయరు నతానియేలు గారి గదికి వెళ్ళాడు.

"ఆ మిషను ఏం చూస్తది సార్?"

"ఇన్‌ఫ్రారెడ్ అని కంటికి కనపడని వెలుతురయ్యా. దాన్ని రంగు మీదికి పంపుతారు. రంగులో ఉండే జిగురు, నూనె, దేనికది తనకి కావలసిన ముక్కే మింగుతుంది. ఎక్కడెక్కడ మింగిందో మిషను గీత గీస్తుంది, కొండలూ లోయల్లాగా. ఆ రెండు గీతలూ కలిశాయి. పైన నీలమే కాదు, కింద గోధుమ పూతది కూడా."

అష్ఫాక్ నవ్వాడు. "కిందది కిచిడీ సార్. నేను కొట్టిన ప్రతి బండికీ అదే ఉంటది."

"కోర్టులో చెప్తావా? నీ గిరాకీ పోద్ది."

"పోతే పోనీండి. ఆ రోడ్డున కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు వందలు తిరుగుతయ్యి, వాటిని ఎవడూ గోకడు. పేదోడి వ్యానుకే మిషన్లు."

లాయరు అర్జీ పెట్టాడు. అష్ఫాక్ రంగు వేసిన మరో ఐదు నీలి బండ్ల పెచ్చులు కూడా తీసి ల్యాబ్‌కి పంపమంది కోర్టు. కానిస్టేబుల్ మాణిక్యం తోడు వచ్చి, "కానీవయ్యా, నీ పనే కదా" అని టీ బంకు దగ్గర కూర్చున్నాడు. అప్పుడు పుట్టింది అష్ఫాక్‌కి ఆ ఆలోచన. ల్యాబువాళ్ళు పోలీసులకి కావలసిందే రాస్తారని అతని నమ్మకం. బాలశౌరి వ్యానుకి రంగు వేసిన రోజే దాని టూల్‌బాక్స్ మూతకి కూడా వేశాడు. మూత బిగించడం మరిచిపోతే షెడ్డులోనే పడి ఉంది. దాన్ని గోకి, ఆ పెచ్చును ఐదింటిలో ఒకదానికి బదులు 'పుల్లయ్య, పాల వ్యాను' అని రాసిన పొట్లంలో పెట్టాడు. అన్నీ కలిస్తే బాలశౌరి బయటపడతాడు. అదే బండి రంగైన ఇది కలవలేదంటే ల్యాబు బండారం బయటపడుతుంది. ఎటు తిరిగినా గెలుపే అనుకున్నాడు.

ఫలితం వచ్చిన రోజు లాయరు కుర్చీలో కూర్చోలేకపోయాడు. "నాలుగు కలవలా. ఒక్కటి అచ్చంగా కలిసిందయ్యా, పుల్లయ్యది! ఇంకేం, మనవాడు బయటపడ్డట్టే!"

అష్ఫాక్‌కి అప్పుడు తెలిసింది. డబ్బాలో వారం వారం పోసేది వేరు, తిప్పేది వేరు. ఒకే డబ్బా గనక ఒకే పూత అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వేరే పేరు రాసిన పొట్లంలోంచి కూడా మిషను బాలశౌరి వ్యానునే ఏరి చూపించింది.

సాయంత్రం పుల్లయ్య షెడ్డుకి వచ్చాడు, చెమటలు కారుతూ. "అష్ఫాక్ గారూ, స్టేషనుకి రమ్మన్నారండి. ఆ పొద్దున నేను కంకిపాడులో పాలు పోస్తన్నానండి. నా బండి రంగు అక్కడికెట్టా పోయిందండీ?"

అష్ఫాక్ షెడ్డుకి తాళం వేసి తిన్నగా బాలశౌరి ఇంటికి వెళ్ళాడు.

"గేదె ఎక్కడ అడ్డమొచ్చింది బావా?"

"రాయనపాడు దగ్గర."

"మొన్న కొండపల్లి అన్నావే."

"పోలీసోళ్ళు నయం నీకంటే! గెలిచామని లాయరే అన్నాడుగా, ఇంకేంటి నీ గోల?"

"పుల్లయ్యని పిలిచారు."

"ఏం కాదులే. నాలుగు రోజులు తిప్పి వదిలేస్తారు. వాడు చెయ్యలేదుగా."

"వాడు చెయ్యలేదని నీకెట్టా తెలుసు?"

లోపల బాలశౌరి భార్య అమలమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. బాలశౌరి గొంతు తగ్గించాడు: "మంచు పట్టింది బావా. నాకు గేదెనే అనిపించింది. దిగి చూడలా."

మర్నాడు అష్ఫాక్ టూల్‌బాక్స్ మూతను పేపర్లో చుట్టి తీసుకెళ్ళి లాయరు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాడు.

"నువ్వసలు ఎవరి వైపయ్యా?" నతానియేలు గారు తల పట్టుకున్నాడు. "పొట్లం మార్చినందుకు నిన్నూ బోనెక్కిస్తారు, తెలుసా?"

"ఎక్కించనీండి. పుల్లయ్యని దింపండి."

బోనెక్కించారు, చీవాట్లు పెట్టి పంపారు. బాలశౌరికి శిక్ష పడింది. కిచిడీ సంగతి ఆటోనగరంతా పాకి, షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి. అమలమ్మ ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేది. మళ్ళీ మొదట వచ్చింది పుల్లయ్య, తన పాల వ్యానుతోనే.

అష్ఫాక్ అడుగుపూతకి సీలు తీయని కొత్త ప్రైమర్ డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాడు.

"మూత మీరే తియ్యండి."

"ఎందుకండీ, మీ మీద నమ్మకం లేకపోతే వస్తానా?"

"నమ్మొద్దు. తీసి చూడండి."