మా కుండలో పక్క కుప్పం గుర్తులు

శాంతం మంచిదని ఎవరైనా నాకు నీతులు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. కొట్లాడితేనే జాతి నిలుస్తుందని మీసం మెలేసేవాళ్ళను చూసినా అంతే మండుతుంది. రెండూ మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఈ మంట.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న కుప్పం. చేపలు పట్టేవాళ్ళ పల్లెను మా వైపు అలాగే అంటారు. రొయ్య బాగా పడే చోటు ఒక్కటే ఉండేది. అక్కడ రోజుకొక ఇంటివాళ్ళే వల కట్టాలి. ఎవరి వంతు ఎప్పుడో తేల్చడానికి ఏడాదికోసారి ప్రతి ఇంటి గుర్తూ కుండలో వేసి ఒక్కొక్కటే తీసేవారు. ఒకరిది గవ్వ, ఒకరిది చింతగింజ, మాది తాబేటి చిప్ప ముక్క. మగదిక్కు లేని ఇంటి గుర్తు కూడా కుండలో పడేది. ఆ వంతు రోజున తక్కినవాళ్ళు వల కట్టి, పడినదంతా ఆ ఇంటి ముంగిట పోసిపోవాలి. మా నాన్న లేడు. ఆ వంతు రొయ్యలు ఎండబెట్టి అమ్ముకునే అమ్మ నన్ను సాకింది.

నాన్న ఎలా పోయాడో కూడా చెప్పాలి. నేను చంకపిల్లగా ఉన్నప్పుడు పక్క కుప్పం వాళ్ళు వచ్చి మా చోట వల కట్టారు. కర్రలెత్తుకుని పోయినవాళ్ళలో నాన్న ఒకడు. ఆయన్ను తడికె మీద తెచ్చారు. నీళ్ళు మాత్రం మాకే దక్కాయి.

నాకు పదేళ్ళు దాటాక, యాభైల చివర్లో, వాళ్ళు మళ్ళీ వచ్చారు. వాళ్ళ వైపు ఇసుక మేటవేసి రొయ్య రావడం మానేసింది. వాళ్ళ పిల్లలు గంజికి ఏడుస్తున్నారని మాకూ తెలుసు. అయినా నాన్న తమ్ముడు, మా చిన్నాయన, కుర్రాళ్ళను పోగేసి కర్రలు తీయించాడు. ఆయనకు అప్పుడప్పుడే పెళ్ళయింది. కుప్పానికి పెద్దకాపు, అంటే ఊరిపెద్ద, మా తాత. ఆయన మాట దాటినవాడికి నిప్పూ నీళ్ళూ పుట్టవు.

"అన్న పానం పెట్టి నిలిపిన నీళ్లు నాయనా! ఊరికే ఇచ్చేస్తామా?" అన్నాడు చిన్నాయన.

"ఒక కొడుకును ఇచ్చినాను. రెండోవాణ్ణి ఇయ్యను. కర్రలు కింద పెట్టండిరా," అన్నాడు తాత.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి కుప్పమంతా నోరెళ్ళబెట్టింది. పక్క కుప్పం పెద్దలను పిలిపించి, "మీ గుర్తులు గూడా మా కుండలో ఎయ్యండి," అన్నాడు. ఒకసారి కుండలో పడిన గుర్తును తీసేసే హక్కు ఎవరికీ లేదు. అది మా కట్టుబాటు. తాతకు తెలియక కాదు. వాళ్ళ ఇళ్ళు మా ఇళ్ళకు రెట్టింపు.

నేను ఇంటికొచ్చి చిందులు తొక్కాను. తాత పిరికివాడన్నాను. రొయ్యలు ఒలుస్తున్న అమ్మ చేతిలోది విసిరికొట్టింది.

"నోరుముయ్! మీ చిన్నమ్మ నొసలు చూసి మాట్లాడు. నాకు తోడు దాని బొట్టు గూడా తుడిస్తే నీ రోషం సల్లారతాదా?"

అమ్మ విసిరిన రొయ్యను ఏరి గంపలో వేశాను. కోపం మాత్రం పోలేదు.

ఇక మా వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. అది వచ్చేలోగా ఇంట్లో బియ్యం నిండుకునేవి. ఒక్కో కుటుంబమే తలుపులు బిగించుకుని కదిలింది. కొందరు మనుబోలు వైపు పొలం కూలికి, కొందరు నెల్లూరు బియ్యపు మిల్లులకు. చిన్నాయన కూడా చిన్నమ్మను వెంటబెట్టుకుని మిల్లులో మూటలు మోయడానికి పోయాడు. పోతూ తాతకు దండం పెట్టలేదు.

అయినా కట్టుబాటు చావలేదు చూడండి! పక్క కుప్పం వాళ్ళు దాన్ని మాకంటే నిష్ఠగా పట్టుకున్నారు. అమ్మ వంతు రోజున వాళ్ళే వల కట్టి, వాళ్ళే మా ముంగిట రొయ్యలు పోసేవాళ్ళు. నాన్నను కొట్టినవాళ్ళలో ఒకడు తల వంచుకుని గంప దించడం నా కళ్ళతో చూశాను. అమ్మ వాడికి మంచినీళ్ళిచ్చింది. ఆ పూట ఆ రొయ్యలు నేను ముట్టలేదు. మా ఆచారం బతికింది, మేం చెల్లాచెదురయ్యాం. కొట్లాడి ఉంటే ఊరు నిలిచేదేమో, ఊళ్ళో మగవాళ్ళు ఎందరు మిగిలేవారో! ఏది మేలో చెప్పమంటే నాకు చేతకాదు.

అరవైల నడుమ తాత పోయాడు. చిన్నాయన నెల్లూరులో పుట్టిన కూతుర్ని చంకనేసుకుని వచ్చాడు. నాలుగైదేళ్ళ పిల్ల. తాతను మట్టిచేసి వచ్చి అందరం సరస్సులో మునిగాం. చిన్నాయన పిల్లను కూడా ముంచి లేపాడు. అది ఉక్కిరిబిక్కిరై ఉమ్మేసింది.

"థూ! ఈ నీళ్లు ఉప్పగా ఉండాయేంది నాయనా?"

పెద్దకాపు మనవరాలికి సరస్సు ఉప్పగా ఉంటుందని తెలియదు. చిన్నాయన మొలలోతు నీళ్ళలో నిలబడి పెద్దగా నవ్వాడు, నవ్వుతూనే భోరుమన్నాడు. అమ్మ పిల్లను అందుకుని కొంగుతో మూతి తుడిచింది.

"ఉప్పగానే ఉంటాయి తల్లీ. ఇవి మన నీళ్లు," అంది.