ఒకరు తక్కువ

గడియారాల తాతకు ఒంట్లో షుగరు లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. మనుషుల్ని లెక్కపెడితే ఒకరు తగ్గుతారు. అదీ వెళ్ళేటప్పుడు కాదు. వెళ్ళేటప్పుడు ముప్పై తొమ్మిది మందీ శుభ్రంగా ముప్పై తొమ్మిది మందే. ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, ఓడిపోయి, గొంతులు పోగొట్టుకుని అందరూ తిరిగి బస్సెక్కి కూర్చున్నాక, తలుపు దగ్గర నిలబడి, వేలితో ఒక్కొక్కరినీ గాల్లోనే పొడిచి, "ఒకరు తక్కువ" అంటాడు.

తాత ఆ మాట అన్నాడంటే బస్సు కదలడానికి వీల్లేదు. అది అభిమాన సంఘం తీర్మానం. నాలుగేళ్ళ కిందట ఒక మ్యాచ్ నుంచి వస్తూ నర్సమ్మ మొగుణ్ణి స్టేడియం టాయిలెట్లో మరిచిపోయి వచ్చేశారు. ఓటమి బాధ తట్టుకోలేక ఆయన అందులోనే నిద్రపోయాడు. ఇంటికొచ్చి తాళం తీయబోతే తాళంచెవి ఆయన జేబులో ఉందని తెలిసేదాకా నర్సమ్మకే ఆ సంగతి గుర్తుకు రాలేదు. అప్పటినుంచి గడియారాలు బాగుచేసే చేతులైతేనే లెక్క తప్పదని, తాత "సరిపోయారు" అంటేనే బండి కదలాలని రాసుకున్నారు.

మూడేళ్ళు తాత లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఈ సీజన్లో మూడో మ్యాచ్ నుంచి పట్టుకుంది ఈ చాదస్తం.

"అందరం ఉన్నాం కదండీ!" అన్నాడు ప్రెసిడెంటు. ఊళ్ళో ఆయనకు సెలూన్ ఉంది. మనుషుల తలలు లెక్కపెట్టడంలో తననెవరూ మించలేరని ఆయన నమ్మకం.

"ఉన్నారు."

"మరి?"

"ఒకరు తక్కువ."

అని, గొడుగు పట్టుకుని దిగిపోయాడు. బస్సు పక్కన నిలబడి చీకట్లు ముసురుకుంటున్న స్టేడియం గేటు వైపే చూశాడు. సరిగ్గా ఇరవై నిమిషాలు. ఆ తర్వాత డ్రైవర్ కిటికీ అద్దం మీద వేలి కణుపుతో టక్, టక్, టక్ అని మూడుసార్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగి, వాళ్ళు ఎక్కేదాకా ఆగి, అప్పుడు తానెక్కి, "సరిపోయారు" అన్నాడు.

ఎక్కింది తాత ఒక్కడే.

మొదటిసారి బస్సంతా నవ్వింది. రెండోసారి సగం బస్సు నవ్వింది. మూడోసారి డ్రైవర్ వెనక మొదటి వరసలో, తాత పక్కన ఖాళీగా ఉన్న సీటు తడిసి ఉందని నర్సమ్మ కనిపెట్టింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఎలా ఉంటారండీ... వారు?" అని ప్రెసిడెంటు గొంతు తగ్గించి అడిగాడు.

"పొడుగు కోటు. తల తడిసి ఉంది. మొహం చూళ్ళేదు."

"ఏ జట్టువాళ్ళో?"

"అడగలేదు. నడక చూస్తే ఓడిపోయినవాళ్ళ నడకే. మనవాళ్ళే అయ్యుంటారు."

ప్రెసిడెంటును ఇంకో సందేహం పీడించసాగింది. "వెళ్ళేటప్పుడు మనతో రారు. వచ్చేటప్పుడు మాత్రం ఎక్కుతారు. అంటే ప్రతి మ్యాచికీ ఒకరు కొత్తగా మనూళ్ళో దిగుతున్నారన్నమాటేగా! ఇప్పటికి అయిదుగురు. పదకొండు మంది అయ్యారంటే ఒక జట్టు."

"మన జట్టుకంటే బాగానే ఆడతారు లెండి" అన్నాడు నర్సమ్మ మొగుడు. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు.

వాళ్ళ జట్టు గెలిచి చాలా కాలమైంది. అయినా ప్రతి రెండో ఆదివారం తెల్లవారకముందే లేచి, ఊరికాని ఊరు పోయి, అక్కడ గోరువెచ్చటి టీకి భోజనం ఖరీదు చెల్లించి, వానలో రెండు గంటలు నిలబడి, గోల్‌పోస్టు తమవాళ్ళకు తప్ప అందరికీ కనిపిస్తోందని కడుపు మండి, ఇంట్లోవాళ్ళ చేత చీవాట్లు తినడానికి తిరిగొచ్చేవారు. ఇదేం సుఖమంటే చెప్పలేరు. సోమవారం పొద్దున బొంగురు గొంతుతో పనిలోకి వెళ్ళి "నిన్న మేం వెళ్ళాం" అనడంలో ఉన్న సుఖం వెళ్ళనివాళ్ళకు ఏం తెలుస్తుంది? తాత మాత్రం బంతిని చూడగా ఎవరూ చూడలేదు. ఆయన చూపంతా రిఫరీ మణికట్టు మీదే. "పద్నాలుగు సెకన్లు లేటు. ఆ వాచీ నా దగ్గరికి రావాల్సిందే" అని నొచ్చుకునేవాడు.

ఈ దెయ్యం గోలలో పైకి ఒక్క మాటా అననిది డ్రైవరమ్మ.

ఆమె ఈ సీజన్‌తోనే కొత్తగా వచ్చింది. వారం పొడుగునా బిస్కెట్ల ఫ్యాక్టరీ పొద్దుటి షిఫ్టు బస్సు నడుపుతుంది. మూడింటికే లేవాలి. ఆదివారమైనా కంటినిండా పడుకుందామంటే ఇంటి అద్దె పడుకోనివ్వదు. అందుకే ఈ బస్సు ఒప్పుకుంది. రెండో మ్యాచ్ నుంచి తిరిగొస్తుండగా, ఏటి పక్క మలుపులో, ఆమెకు కన్ను మూతపడింది. ఎంతసేపో తెలియదు. టైర్ల కింద గులకరాళ్ళు గరగరమనేసరికి ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పింది. వెనక అందరూ పాటలు పాడుతున్నారు. ఎవరూ చూడలేదు, బతికిపోయాను అనుకుంది. కానీ ఆ గరగర ఆమె చెవుల్లోంచి పోలేదు. చెబితే ఆదివారం బండి పోతుంది. చెప్పకపోతే వెనక ముప్పై తొమ్మిది ప్రాణాలు. లవంగాలు నమిలింది, కళ్ళల్లో చన్నీళ్ళు కొట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు.

అందుకని తాత బండి ఆపించినప్పుడల్లా, ఎలాగూ ఆగాం కదా అని స్టీరింగ్ మీద తల వాల్చేది. టక్, టక్, టక్ మనగానే లేచేది. ఎక్కిందెవరని మాత్రం వెనక్కి తిరిగి చూసేది కాదు. మనకెందుకొచ్చిన గొడవ!

ఎనిమిదో మ్యాచికి ఆమెకు జ్వరం వచ్చింది. కంపెనీ వాళ్ళు ఇద్దరు డ్రైవర్లను పంపారు. ఒకడు వెళ్ళేటప్పుడు నడిపాడు, రెండోవాడు అప్పటిదాకా వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయి, వచ్చేటప్పుడు నడిపాడు. తొమ్మిదో మ్యాచికి ఆమె తిరిగి వచ్చేసరికి బస్సెక్కేవాళ్ళంతా ఆమెను ఎగాదిగా చూస్తున్నారు.

"ఏమైందండీ?"

ప్రెసిడెంటు దూరంగానే నిలబడి చెప్పాడు. "పోయిన మ్యాచికి లెక్క సరిపోయిందమ్మా."

"మంచిదేగా?"

"మీరు లేరు, వారూ రాలేదు. మీరొచ్చారు..." మిగతాది ఆయన మింగేశాడు. "వారు మీ తాలూకేమోనని మావాళ్ళ అనుమానం."

పొడుగు కోటు అనగానే డ్రైవరమ్మకు ఎప్పటినుంచో ఒక మనిషి గుర్తొస్తోంది. పోయిన మేనత్త! ఆ మహాతల్లి ఏ కాలంలోనైనా మడమల దాకా వానకోటు వేసుకునే తిరిగేది. బతికున్నన్నాళ్ళూ ఒక్క బస్సు కూడా టైముకు అందుకున్న పాపాన పోలేదు. ప్రతి బస్సు వెనకా "ఆగండర్రా, ఒకరు తక్కువ!" అని అరుస్తూ పరిగెత్తేది. పోయాక తీరిగ్గా మేనకోడలి బస్సు పట్టుకుంది కాబోలు.

ఆ రోజు నాలుగు గోల్స్‌తో ఓడిపోయారు. ఆఖరి రెండు గోల్స్ పొగమంచులో ఎవరికీ కనబడనే లేదు, అవతలివాళ్ళ కేకలు విని తెలుసుకున్నారు. సాయంత్రం నాలుగింటికే స్టేడియం దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతున్నాయి. అద్దాల బయట తెల్లటి మంచు తప్ప ఇంకేమీ లేదు. తాత వేలెత్తాడు. ముప్పై ఎనిమిది జతల కళ్ళు ఆ వేలి వెంట తిరిగాయి.

"ఒకరు తక్కువ."

"చాలండీ!" ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. "నాలుగు గోల్స్ తిన్నాం. దెయ్యాన్ని కూడా ఎక్కించుకునే ఓపిక లేదు. ఇప్పటికే అయిదుగుర్ని ఊళ్ళో దింపాం... నా సెలూన్లో ఖాళీ కుర్చీ దానంతటదే తిరుగుతోంది మొన్నటినుంచి! పోనివ్వమ్మా బండి!"

అందరికంటే ముందు డ్రైవరమ్మే తాళం తిప్పింది. జ్వరం మందుల మత్తులో కనురెప్పలు సీసం పోసినట్టున్నాయి. అయినా సరే, మేనత్త ఎక్కేలోగా ఇక్కణ్ణుంచి బయటపడితే చాలనుకుంది. లైట్లు వేసింది. లైట్ల వెలుతురులో, బంపరుకు జానెడు దూరంలో, ఎప్పుడు దిగాడో, మంచులో నిలబడి ఉన్నాడు తాత. గొడుగు అడ్డంగా పట్టుకుని ఉన్నాడు.

బస్సంతా కెవ్వుమంది.

తాత చుట్టూ తిరిగి ఆమె కిటికీ దగ్గరికొచ్చాడు. ఆమె అద్దం వేలెడంత దించింది.

"అత్తకి చెప్పండి తాతగారూ" అంది ఏడుపు గొంతుతో. "ఆవిడ గాజులు నేను తీయలేదు. మా చిన్నాన్న కూతురే తీసింది."

తాతకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. "ఏ అత్తమ్మా?"

"ఎక్కేది మా మేనత్తేగా?"

"మీ మేనత్తెవరో నాకేం తెలుసు!" తాత అద్దం సందు దగ్గర నోరు పెట్టి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఏటి పక్క మలుపులో గులకరాళ్ళు గుర్తున్నాయా?"

డ్రైవరమ్మ అద్దం ఇంకాస్త దించింది.

"నేను నీ వెనక సీట్లోనే ఉన్నాను. అద్దంలో నీ కళ్ళు చూశాను. స్ప్రింగు పూర్తిగా దిగిపోయిన గడియారానికి కీ ఇవ్వాలి గానీ, ఊపితే నడుస్తుందా? నేను ఆపేది నీ నిద్ర కోసం. రావాల్సింది అదొక్కటే."

"మరి... పోయిన మ్యాచికి?"

"ఆ రెండోవాడు కడుపునిండా పడుకుని వచ్చాడు. వాడికెందుకు ఇరవై నిమిషాలు?"

"సీటు తడి?"

"నా గొడుగు."

"ఈ మాట వాళ్ళకు చెప్పొచ్చుగా తాతగారూ! డ్రైవరుకు కాస్త కునుకు కావాలని..."

"చెబితే? 'అయ్యో పాపం' అని, వచ్చే మ్యాచికి ఇంకో డ్రైవర్ని వెతుక్కుంటారు. మంచివాళ్ళే, కానీ నాలుగు గోల్స్ తిన్న జనం మనిషి కోసం అయిదు నిమిషాలు ఆగరమ్మా. అదే దెయ్యం కోసమైతే నోరు మూసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటారు." తాత వాచీ చూసుకున్నాడు. "ఇప్పటికే రెండు నిమిషాలు పోయాయి. కళ్ళు మూసుకో. టైముకి నేను తడతాను."

డ్రైవరమ్మకు వచ్చింది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. ఇన్నాళ్ళూ చెవుల్లో ఉన్న గరగర ఆ క్షణాన ఆగిపోయింది. బండి ఆపేసి, వెనక్కి తిరిగి, మొహం వీలైనంత భయంకరంగా పెట్టింది.

"కదలదండీ. తాతగారు చెప్పింది నిజం. ఒకరు తక్కువ."

ప్రెసిడెంటు కూర్చున్నాడు. నర్సమ్మ మొగుడు చిప్స్ నమలడం కూడా ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె పసిపిల్లలా నిద్రపోయింది.

సీజన్ ఆఖరి మ్యాచి నాటి పొద్దున తాత ఫోన్ చేశాడు. ముక్కు దిబ్బడ. "రాలేనమ్మా. లవంగాలు తెచ్చుకున్నావా?" అన్నాడు. తెచ్చుకుంది గానీ, దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. లెక్కపెట్టేవాళ్ళేరి? బండి ఆపేవాళ్ళేరి?

ఆ రోజు వాళ్ళ జట్టు గెలిచింది! ఒక్కటే గోలు, అదీ అవతలివాడి మోకాలికి తగిలి పడింది. అయినా గెలుపు గెలుపే. బస్సెక్కి పాడుతున్నారు, ఊగుతున్నారు. డ్రైవరమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇప్పుడే పోదామంటారు, ఆ మలుపెలా దాటనురా దేవుడా అనుకుంటోంది. సరిగ్గా నాలుగింటికి ప్రెసిడెంటు లేచాడు. తలుపు దగ్గర నిలబడి, అచ్చం తాతలాగే వేలెత్తి లెక్కపెట్టాడు.

"ముప్పై ఎనిమిది. తాతగారు రాలేదు కాబట్టి, అందరం..." అంటూ మొదటి వరసలో ఖాళీగా ఉన్న రెండు సీట్లను చూశాడు. పాట దానంతటదే ఆగిపోయింది. "గెలిచిన రోజున వదిలేసి పోతే వారు ఊరుకుంటారా?"

"పాపం, ఇన్నాళ్ళూ ఓటములే చూశారు" అంది నర్సమ్మ.

"ఒకరు తక్కువ" అన్నాడు ప్రెసిడెంటు.

అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డ్రైవరమ్మ స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వుకుంటూనే నిద్రలోకి జారింది.

టక్, టక్, టక్.

లేచింది. గడియారం చూసింది. అద్దం బయట మంచు, మంచు వెనక ఎవరూ లేని గేటు.

"మీరేనా ప్రెసిడెంటుగారూ తట్టింది?"

"నేను దిగందే ఎలా తడతాను?" ఆయన మొహం పాలిపోయి ఉంది. "మేమెవ్వరం దిగలేదమ్మా."

"తలుపు తెరువమ్మా" అని గుసగుసలాడింది నర్సమ్మ. "చలిలో నిలబడ్డారు."

తెరిచింది. చల్లటి గాలి లోపలికొచ్చింది. మెల్లగా మూసింది. "సరిపోయారు" అని ముప్పై ఎనిమిది మందీ గొణిగారు. ఇంటిదాకా ఆమెకు కునుకన్న మాటే లేదు. జన్మలో అంత మెలకువగా ఆమె ఎప్పుడూ బండి నడపలేదు.

దిగగానే తాతకు ఫోన్ చేసింది. జరిగినదంతా చెప్పింది. అవతల గడియారాల టిక్‌టిక్‌ల మధ్యనుంచి తాత అడిగాడు.

"ఎన్ని నిమిషాలు పడుకున్నావు?"

"ఇరవై."

"సరిగ్గానా?"

"సరిగ్గా, తాతగారూ. ఒక్క సెకను తేడా లేదు."

తాత తృప్తిగా ముక్కు చీదాడు.

"అయితే నమ్మదగ్గ మనిషే. వచ్చే సీజన్‌కి కూడా రమ్మను."